వెంట్రుకంత వాలు

లైబ్రరీ నేలమాళిగ,
జనవరి 19

ఒరేయ్ బావమరిదీ,

మళ్ళీ ఫోన్ చేశావట, మీ అక్క చెప్పింది. నాకు ఫోన్ చేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? అందులో ఎవడి గొంతూ వాడి గొంతులా ఉండదు. ముప్ఫై నాలుగేళ్ళు మనుషుల గొంతుల్ని టేపు మీద పట్టినవాణ్ణి, ఆ రేకు డబ్బా గొంతు నావల్ల కాదు. చెప్పాలనుకున్నది కాగితం మీద పెట్టు.

అసలు సంగతికి వస్తా. ఇక్కడ ఒక పళ్ళ డాక్టరున్నాడు. వారమంతా జనం పళ్ళు పీకుతాడు, ఆదివారం మధ్యాహ్నం ఇంటి హాల్లో పాత సంగీతం పెట్టి పదిహేను మందిని కూర్చోబెడతాడు. వాళ్ళలో టేపు పార్టీ, రికార్డు పార్టీ అని రెండున్నాయి. ఏడాదిగా కొట్టుకు చస్తున్నారు. చివరికి ఒక పందెం వేసుకున్నారు. ఒకే పాటని రీలు మీద ఒకసారి, రికార్డు మీద ఒకసారి తెర వెనకనుంచి వినిపిస్తారు. ఏది ఏదో చెప్పరు. ఏది బాగుందో చేతులెత్తి చెప్పాలి.

ఏ పాట పెడదామని నన్నడిగారు. మన వేణువూ చిరుగంటలూ అన్నాను. నేను పట్టిన టేపు, దాన్నుంచి నువ్వు గాడి కోసిన రికార్డు. రెండిటినీ చేసిన మనుషులూ బతికే ఉన్నారంటే డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వచ్చే నెల రెండో ఆదివారం. ఆ రికార్డు పట్టుకుని రా. నీది నా టేపుకి నకలు. నకలు అసలుని కొట్టిందని ఎక్కడైనా విన్నావా? ఊరికే నీ మొహం చూడ్డానికి పిలుస్తున్నా.

ఇక్కడ పని అలాగే సాగుతోంది. రేడియోవాళ్ళు వదిలేసిన మూడు వందల నలభై రీళ్ళు, అన్నీ నా చేత్తో పట్టినవే. రోజుకి మూడు చొప్పున కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. చోటు లేదు, ఎక్కించినవి పారేద్దాం అంటుంది లైబ్రరీ మేడమ్. నా కంఠంలో ప్రాణం ఉండగా ఒక్క డబ్బా కూడా గేటు దాటదని చెప్పాను. మొన్న ఆవిడకి మెషీను చూపించాను. టేపు ఆనుకుని నడిచే హెడ్ వెంట్రుకంత పక్కకి వాలినా పై స్వరాలు మాసిపోతాయి, అందుకే ప్రతి రీలుకీ ముందు ఈ చిన్న స్క్రూ తిప్పి సరిచేస్తానని చెప్పాను. సరిగ్గా ఉందని మీకెలా తెలుస్తుంది, మీటరు తెప్పించనా అంది. చెవి పట్టుకుని చూపించాను. నవ్వి వెళ్ళిపోయింది.

రాకపోయావో, నువ్వు భయపడ్డావని ఆ హాల్లో అందరికీ చెబుతాను.

బావ


షాపు మీద గది,
జనవరి 27

బావా,

వస్తాను. రాకపోతే బతకనివ్వవు కదా.

ఈ మధ్య ఎక్కడికీ కదలబుద్ధి కావడం లేదు. పొద్దున్నే షట్టరు ఎత్తడానికే నడుం పట్టేస్తోంది. పాత ప్లేయర్లకి బెల్టులు మార్చడం, సూదులు మార్చడం, అవి తెచ్చినవాళ్ళు తమ తాతల గురించి చెప్పే కథలు వినడం, ఇదే నా పని. ఏ ప్లేయరు ఎవరిదో కూడా గుర్తుండటం లేదు, చీటీలు కడుతున్నాను.

రికార్డు తీసి తుడిచాను. ఒక్క గీత కూడా లేదు.

ఒక మాట రాస్తాను, నవ్వకు. నన్ను నకలుగాడని పిలవడం నువ్వు మొదలుపెట్టి నలభై ఏళ్ళు. ఆఫీసులో అన్నావు. అక్కతో నీ పెళ్ళి పీటల మీద కూర్చుని అన్నావు. మా నాన్న పోయిన రోజున, నా మొహం ఆయన మొహంలాగే ఉందని ఎవరో అంటే, అప్పుడూ అన్నావు. ప్రతిసారీ నవ్వాను. ప్రతిసారీ గుచ్చుకుంది కూడా. ఈ వయసులో దీని గురించి రాస్తున్నందుకు నాకే సిగ్గుగా ఉంది, కానీ రాసేశాను, కొట్టేస్తే కాగితం పాడవుతుంది.

శనివారం సాయంత్రం బస్సుకి వస్తాను. అక్కకి చెప్పు, నాకు కింద గదే ఇమ్మని. మెట్లు ఎక్కలేను.

నీ బావమరిది


ఇంట్లో, ముందు గది,
ఫిబ్రవరి 16

ఒరేయ్ బావమరిదీ,

క్షేమంగా చేరే ఉంటావు. గెలిచినవాడికి బస్సులో కుదుపులు తెలియవు.

పదకొండు చేతులు నీకు, మూడు నాకు. ఆ మూడులో ఒకటి మీ అక్కది, దాన్ని లెక్కేయకూడదు. మొదట వచ్చింది రికార్డు, తరవాత వచ్చింది టేపు అని డాక్టరు తెర తీసి చెప్పినప్పుడు నువ్వు లేచి చేతులు జోడించావు చూడు, నీ మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నిజం చెప్పనా, ఓడిపోయి కూడా ఆ క్షణం నాకు బాగానే అనిపించింది. నీ ఉత్తరం నాకు గుర్తుంది. ఇక ఆ పేరుతో నిన్ను పిలవను.

కానీ ఇంటికొచ్చాక కూర్చుంటే లేవలేకపోయాను. నాకు రెండూ ఒకేలా వినిపించాయిరా. అదే నా ఏడుపు. మామూలుగా అయితే మొదటి స్వరానికే ఇది నా టేపు అని ఒళ్ళు చెప్పాలి. చెప్పలేదు. పాట మొదలవకముందు తెర వెనక హెడ్ నేనే సరిచేసి వచ్చి మీ మధ్య కూర్చున్నాను, నా మెషీను, నా చెయ్యి. లోటు ఎక్కడా లేదు. అంటే టేపు పనే అయిపోయింది. అంత కాలం డబ్బాలో పడుంటే దాని మీది అయస్కాంతం నీరసించిపోయింది, మనలాగే. అసలు నకల్లా వినిపించే రోజు వచ్చాక ఇంకా అసలు ఎందుకు?

సోమవారం పొద్దున్నే మేడమ్, ఎక్కించిన రీళ్ళు పారేయడానికి ఒప్పుకుంటున్నానన్న కాగితం మళ్ళీ ముందు పెట్టింది. ఈసారి వాదించే ఓపిక లేదు. సంతకం చేశాను. ఇప్పటిదాకా ఎక్కించిన రెండు వందల పన్నెండు రీళ్ళు వచ్చే నెల మొదటి మంగళవారం లారీలో పోతాయి. మిగతావి ఎక్కించగానే వాటి వెనకే. కంప్యూటర్లో ఉన్నాయి కదా, చాలు.

బావ


షాపు మీద గది,
ఫిబ్రవరి 23

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ సంతకం వెనక్కి తీసుకోవడం కుదరదా? తొందరపడ్డావేమో అనిపిస్తోంది. ఒక్క ఆదివారం చూసి మూడు వందల నలభై రీళ్ళ మీద తీర్పు చెప్పేస్తే ఎలా?

డాక్టరు గారింటికి మెషీనుని కారులో తెచ్చావు కదా. ఆ వీధి అంతా గుంతలే. కుదుపులకి ఏదైనా కదిలి ఉండొచ్చు. ఒకసారి కొలత స్వరం పట్టిన టేపు పెట్టి, మీటరు చూసి హెడ్ సరిచేయి. మీటరు చూస్తే నీ పరువేం పోదు. ఎలాగూ మేడమ్ కొనిస్తానంది. లారీ వచ్చేలోపు ఒక్కసారి చూడు.

ఆ రోజు చిరుగంటలు ఎలా వినిపించాయో నాకు సరిగ్గా గుర్తు లేదు. గదిలో జనం, దగ్గులు, కుర్చీల చప్పుడు. నేను రికార్డు ఎలా పలుకుతుందా అన్న కంగారులో ఉన్నాను. అయినా మీటరు పెట్టి చూడు బావా.

నా నడుం అలాగే ఉంది. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు మూడు నాలుగు రకాలుగా చెప్పారు. షాపు మధ్యాహ్నం నుంచే తీస్తున్నాను.

నీ బావమరిది


లైబ్రరీ నేలమాళిగ,
మార్చి 8

ఏరా,

గెలిచినవాడు ఓడినవాడి మీద జాలిపడటం కంటే ఘోరం ఇంకోటి లేదు. కుదుపులట! మెషీనుని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను, మీ అక్కనడుగు. పైగా తెర వెనక్కి చేరాక సరిచేశాను. నువ్వు రికార్డు చెక్కేవాడివి, నీ పని నువ్వు చూసుకో. మీటరు చూసి తిప్పడం నాకు నువ్వు నేర్పక్కర్లేదు.

లారీ మంగళవారం వచ్చి వెళ్ళింది. నలుగురు మనుషులు గంటలో ఎత్తేశారు. డబ్బాల మీద నా చేతిరాతే, నీలం సిరా. రేవు దాటించే ఆడవాళ్ళ పాటలు. ఆసుపత్రి నర్సు చెప్పిన పిల్లల కథలు, ఆవిడ పోయి చాలా కాలమైంది. గొర్రెల కాపరి ఈలలు, వాటి కోసం కొండ మీద ఐదు రోజులు పడుకున్నాను, జ్వరం వచ్చింది. గేటు దగ్గర నిలబడి చూశాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఎక్కడైనా కాస్త కూర్చుందామనిపించింది, అంతే.

సంతకం పెట్టినప్పట్నుంచి ఒక్క రీలు కూడా ఎక్కించలేదు. ఇక నాకు టేపుల గురించి రాయకు.

బావ

(అదే కవరులో మడిచిన చిన్న కాగితం)

తమ్ముడూ,

కవరు అంటించమని నాకిచ్చి స్నానానికి వెళ్ళారు, ఈలోగా రాస్తున్నా. వాషింగ్ మెషీను బట్టలు అయిపోయాయని కూత పెడుతుంటే ఈయన దాని పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటారు. పిట్టలు ఈ వీధి వదిలేసి పోయాయి అంటారు. కిటికీ కడ్డీ మీదే కూర్చుని గొంతు చించుకుంటున్నాయిరా అవి. చెవుల డాక్టరు అనే మాట ఎత్తితే ఇంటి పైకప్పు లేచిపోతోంది. ఫోనంటే ఎందుకంత అసహ్యమో నాకు ఈ మధ్యే తెలిసింది.

ఆ రోజు హాల్లో నేను టేపు వినలేదు, నిన్ను చూస్తూ కూర్చున్నా. రెండోసారి వేణువు మొదలవగానే నువ్వు చటుక్కున తలెత్తావు. సగం లేచావు. మళ్ళీ కూర్చున్నావు. నీకేమైనా తెలిస్తే ఆయనకి చెప్పు. నేను చెబితే భార్య సాధింపు అవుతుంది. నువ్వు చెబితే వింటారు.

అక్క


షాపు మీద గది,
మార్చి 12

బావా,

ఇది కూర్చుని చదువు. అక్కని పక్కన కూర్చోమను.

ఆ ఆదివారం నాకంతా స్పష్టంగా గుర్తుంది. గుర్తు లేదని రాసింది అబద్ధం. టేపు మొదలైన పది సెకన్లకే తెలిసింది. వేణువు ఉంది, గంటలు లేవు. ఎవరో మెషీను మీద దుప్పటి కప్పినట్టుంది. ఆ గంటల్ని ఆ టేపులోంచే నా చేత్తో గాడిలోకి దించాను, ఏ గంట ఎక్కడ మోగుతుందో నాకు తెలియదా? టేపు నీరసపడటం కాదది. హెడ్ వాలి ఉంది. ఐదు నిమిషాల ముందు దాన్ని సరిచేసింది నువ్వు. అంటే ఆ గంటలు నీకు వినపడటం లేదు బావా. నీ చెవులు పోయాయి. నువ్వు ఆ చెవులతోనే రెండు వందల పన్నెండు రీళ్ళు ఎక్కించావు.

లేచి ఆపమందామనుకున్నాను. లేచాను కూడా. అంతలో నా పక్కాయన తన పక్కాయనతో, మొదటిదే ప్రాణంగా ఉంది, ఇది కాదు అన్నాడు. మొదటిది నాది. నేను కూర్చుండిపోయాను.

నీ మీద గెలిస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. జీవితంలో ఒక్కసారి. చాలా బాగుంది, దాచుకోను. అందరూ వచ్చి చేయి కలిపారు, నువ్వు కూడా కలిపావు. నీ చెయ్యి చల్లగా ఉంది. బస్టాండు దాకా బాగానే ఉంది. బస్సు కదిలాక నన్ను నేను భరించలేకపోయాను.

ఆ తరవాత చేసింది ఇంకా పెద్ద తప్పు. సంతకం పెట్టానని నువ్వు రాశాక నాకు పది రోజుల టైముంది. ఒక్క వాక్యం రాస్తే లారీ ఆగేది. నీ చెవుల సంగతి చెప్పాలంటే నేను నోరు మూసుకున్న సంగతి కూడా చెప్పాలి. అందుకని గుంతలనీ కుదుపులనీ కథలల్లాను. నీకు కోపం వస్తుందని తెలిసే అలా రాశానేమో కూడా. నాకే తెలియదు.

లోపల ఇంకా నూట ఇరవై ఎనిమిది ఉన్నాయి. వాటిని ఆపు. ఆ లారీ ఎక్కడికి వెళ్ళిందో కనుక్కోమని మేడమ్‌ని అడుగు. ఈ ఉత్తరం ఇప్పుడే తీసుకెళ్ళి పోస్టులో వేస్తాను, పక్కన పెడితే మళ్ళీ వేయనేమో.

నీ బావమరిది


ఇంట్లో, ముందు గది,
ఏప్రిల్ 2

బావమరిదికి,

నీ ఉత్తరం అందిన రోజు దాన్ని మీ అక్క చేతికిచ్చి చదవమన్నాను. ఆ తరవాత నేనే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే బటను నొక్కమన్నారు. నొక్కుతూ పోయాను. కాసేపటికి, మొదలుపెట్టండి, ఎందుకు ఆపేశారు అని అడిగాను. ఆవిడ ఆపలేదట, మోగిస్తూనే ఉందట. తరవాత కాగితం మీద గీత చూపించింది. సగం దాకా గట్టు మీద నడిచినట్టు నడిచి అక్కణ్ణుంచి నూతిలో పడింది. ఆరేడేళ్ళ నుంచి ఇంతేనంది.

తరవాత మేడమ్ దగ్గరికి వెళ్ళాను. నా చెవులు పనిచేయవు, నేను చేసిందంతా పాడు అని నా నోటితో చెప్పాను. నేను జీవితంలో ఇంత చిన్న వాక్యానికి అంత ఆయాసపడలేదు. ఆవిడ వెంటనే ఫోనందుకుంది. రీళ్ళు అప్పటికే మరలో నలిగిపోయాయి. డబ్బాలు మాత్రం కుప్పగా ఉన్నాయట, కావాలా అని అడిగారు. వద్దన్నాను.

కంప్యూటర్లో ఉన్నవాటిని మీ అక్క పక్కన కూర్చుని విని, ఏం లేదో నాకు చెప్పింది. రేవు పాటల్లో నీటి చప్పుడు లేదు. నర్సు కథల్లో ఆవిడ స అన్న ప్రతిచోటా ఊపిరి మాత్రమే ఉంది. గొర్రెల కాపరి ఈల సగం పైకెళ్ళి మాయమైపోతుంది. పై స్వరాలు పెంచి చూశాం, బుస తప్ప ఏమీ పెరగలేదు.

ఇప్పుడు నీ సంగతి. నాకు వినపడదు. అది నా ఒంటికి వచ్చిన జబ్బు. మీటరు వద్దన్న పొగరు మాత్రం నాది, దాన్ని ఎవరి మీదకీ తోయను. కానీ నీకు వినపడింది. వినపడి చేతులు కట్టుకుని కూర్చున్నావు. నేనేదో అన్నాను, గుచ్చుకుంది, సరే. నాలుగు తిట్టి ఉండాల్సింది. ఆ హాల్లో అందరి ముందూ నన్ను చెవిటివాడా అని ఉండాల్సింది. అప్పుడు నాకు పరువు పోయేది, రీళ్ళు మిగిలేవి. రీళ్ళేరా కావాల్సింది. నా మీద కోపానికి ఆ నర్సేం చేసింది నీకు?

నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. ఆలోచిస్తుంటే మధ్యలోనే అలిసిపోతున్నాను.

మేడమ్ ఒక పని చెప్పింది. ప్రతి ఫైలుకీ కింద ఒక గడి ఉంటుంది, లోపం ఏదైనా ఉంటే అందులో రాయాలి. రేపెవరైనా వింటే, ఆ మనుషులు అలాగే పాడేవారు, అలాగే మాట్లాడేవారు అనుకోకూడదు కదా. నేను టైపు చేస్తున్నాను: దీన్ని ఎక్కించిన మనిషికి పై స్వరాలు వినపడవు, లోపం అతనిది. రోజుకి ఇరవై దాటితే వేళ్ళు ఒప్పుకోవడం లేదు.

మిగిలిన నూట ఇరవై ఎనిమిదికి మీటరు వచ్చింది. రీలు మొదట్లో కొలత స్వరం పట్టి ఉంటేనే మీటరుకి తెలుస్తుంది. నా వాటిలో తొంభైకి అది లేదు, ఎక్కడెక్కడో హడావిడిగా పట్టినవి. వాటికి చెవే కావాలి. అక్కడ ఏది ఎలా మోగాలో ముందే తెలిసిన చెవి అయితే మంచిది. ఎవరిదో నేను రాయను.

బావ


షాపు మీద గది,
ఏప్రిల్ 7

బావా,

సోమవారం వస్తున్నాను. షాపులో ఉన్న ప్లేయర్లన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను, కొన్ని బాగుచేయకుండానే. ఎన్నాళ్ళు ఉంటావని అక్క అడిగితే, తొంభై రీళ్ళు అని చెప్పు.

నువ్వు స్క్రూ తిప్పు, నేను వింటాను. సరిగ్గా వచ్చినప్పుడు చెయ్యెత్తుతాను. ఈసారి ఎత్తుతాను.

ఆ నర్సేం చేసిందని అడిగావు. ఆ నర్సు నన్నేమీ చేయలేదు. ఆవిడ కథలు మా చిన్నదానికి నువ్వే వినిపించావు, అన్నం తినకపోతే. ఆ సంగతి ఉత్తరం చదివాకే గుర్తొచ్చింది. అప్పట్నుంచి సరిగ్గా తినలేకపోతున్నాను.

ఒక్కటి అడుగుతాను. క్షమించమని కాదు. ఆ గడిలో లోపం అతనిది అని రాస్తున్నావు. అది సగమే. దాని కింద ఇంకో వాక్యం చేర్చు: ఈ సంగతి ముందే తెలిసిన మనిషి ఒకడున్నాడు, అతను చెప్పలేదు. నేనొచ్చేలోపే చేర్చెయ్యి, నా కళ్ళముందు వద్దు.

నీ బావమరిది


లైబ్రరీ నేలమాళిగ,
ఏప్రిల్ 10

ఒరేయ్,

ఆ వాక్యం నేను రాయను. నువ్వే వచ్చి రాయి. రెండు వందల పన్నెండు సార్లు. నా పక్కన కుర్చీ వేయించాను.

బావ